పడవెక్కిన డ్రమ్ములు

"డ్రమ్మేదత్తా?"

అనురాధ అడగడం ఇది మూడోసారి. వెంకటసుబ్బులు చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. ఇప్పటిదాకా రాయి అన్నది తగలని బియ్యంలో ఈ పూట రాళ్లే రాళ్లు దొరుకుతున్నట్టుంది ఆమెకి.

"నిన్నే అత్తా. అరుగు మీద డ్రమ్ము ఉండాలిగా, ఏది?"

"ఉంది. ఎక్కడికి పోద్ది?"

"ఎక్కడుంది?"

"ఉండాల్సిన చోటే ఉంది."

అరుగు మీద మాత్రం గుండ్రటి మరక ఒక్కటే ఉంది.

బాపట్లలో మూడు రోజుల శిక్షణ ముగించుకుని నిన్న పొద్దుపోయాక తమ ఊరు ఇసకదిబ్బ చేరింది అనురాధ. ఆ శిక్షణ కూడా దేనికనుకున్నారు? సాయంగా వచ్చిన నీళ్ల డ్రమ్మును ఇంట్లో ఎలా వాడుకోవాలో నేర్పడానికే. ఎండ తగలకుండా ఎక్కడ పెట్టాలి, మూత ఎలా బిగించాలి, కొళాయి ఎన్నాళ్లకోసారి కడగాలి, అన్నీ పుస్తకంలో రాసుకుని మరీ వచ్చింది. తీరా తెల్లారి చూస్తే కడగడానికి డ్రమ్మే లేదు.

"మావా, నువ్వన్నా చెప్పు."

కోటిలింగం ఒక మూల కూర్చుని వల బాగుచేస్తున్నాడు. మోకాలు అరిగి రెండేళ్లుగా పడవెక్కడం మానేశాడు. అత్తాకోడళ్ల గొంతులు లేచినప్పుడల్లా ఆయనకి వలలో కొత్త చిరుగులు కనపడుతుంటాయి.

"నాకేం తెలుసమ్మా, ఇదిగో, ఈ వల కన్ను చూడు ఎంత తెగిందో."

వెంకటసుబ్బులు చేట పక్కన పెట్టింది.

"మీ ఆయన పడవ మీద ఉంది. చాలా? కొంప మునిగిపోయినట్టు ఏంటా మొహం?"

అనురాధ అరుగు మీద కూలబడింది.

"అది ఇంటికిచ్చిన డ్రమ్మత్తా."

"వీరబ్రహ్మం ఇంటివాడు కాదా ఏంటి?"

"ఇంటి దగ్గర పెట్టుకోమని ఇచ్చారు!"

"నాలుగు రోజులు నీళ్ల మీద ఉండేవోడికి ఇల్లెక్కడే? పడవే ఇల్లు. వానల్లేక ఊరంతా ఎండిపోయింది, చెరువు పగుళ్లిచ్చింది, బోరు నీళ్లు నోట పెడితే ఉప్పు. మనకి రోజు విడిచి రోజు ట్యాంకరన్నా వస్తుంది. సముద్రం మీదకి ఏ ట్యాంకరొస్తుంది?"

దీనికి జవాబు శిక్షణలో చెప్పలేదు.

"మా అత్త కాడ్నించి చూస్తున్నా," వెంకటసుబ్బులు ఆగలేదు. "ఈ ఊళ్లో మొదట తోడిన కడవ పడవకే పోద్ది. ఆ తరవాతే ఇంట్లో ఎవరన్నా గుక్క తాగేది. కొత్త డ్రమ్ము వచ్చింది. నిండింది. వేట మీద నిషేధం ఎత్తేశారు, పడవలు కదిలాయి. ఎక్కించా. తప్పేంటి?"

"పదకొండింటికి డ్రమ్ములిచ్చిన ఆఫీసు నుంచి పుష్పలత మేడమ్ వస్తున్నారు. అదీ తప్పు!" అనురాధ లేచి నిలబడింది. "నలభై ఇళ్లు, నలభై డ్రమ్ములు. ఎవరి గుమ్మం ముందు వాళ్ల డ్రమ్ము పెట్టి ఫొటో తీయాలి. అన్నీ ఉంటేనే ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే ప్లాంటు మన ఊరికొస్తుంది. ఈ తీరం మొత్తానికి ఒకే ఒక ప్లాంటత్తా. మనకి కాకపోతే ఇంకో ఊరు కాచుకుని ఉంది. నలభైకీ సంతకం పెట్టింది నేను."

"ఒక్కటి తగ్గితే ఏమవుద్ది? ముప్పై తొమ్మిది చూపించు."

కంచె అవతల నుంచి చందన మెల్లగా తల పైకెత్తింది. పక్కింటి కోడలు. ఎంతసేపటి నుంచి వింటోందో ఏమో.

"మాదీ పడవ మీదే వదినా."

"నీదీనా?"

"మీ అత్త పంపిందని మా అత్తా పంపింది. మా అత్త పంపిందని ఆ వరసంతా పంపారు. మొత్తం పద్నాలుగు పడవలు."

కోటిలింగం వలలో మరో చిరుగు కోసం వెతుక్కున్నాడు.

*

ఏడింటికల్లా తెనాలి ట్యాంకరు హారన్ కొడుతూ ఊళ్లోకి వచ్చింది. దాన్ని నడిపే ఖాజా మొహిద్దీన్‌కి తెనాలిలో పెళ్లి సామాన్లు అద్దెకిచ్చే షాపుంది. షాపు భార్య జానీ బీ చూసుకుంటుంది, నీళ్లు ఈయన చూసుకుంటాడు. రెండు వారాల్లోనే ఊరందరికీ ఈయన చుట్టమైపోయాడు. ఎవరు ఎదురైనా ఏదో ఒక వరస కలిపే పిలుస్తాడు.

అనురాధ మొహం చూడగానే ఇంజను ఆపేశాడు.

"ఏంటమ్మా, బాపట్లలో అన్నం పెట్టలేదా?"

విషయమంతా విన్నాడు. గడ్డం గోక్కున్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"డ్రమ్ముల కోసమా ఏడుపు? నా షాపులో డ్రమ్ములు తప్ప ఇంకేముందమ్మా? సర్బత్ డ్రమ్ములు. నీలం రంగు, కొళాయి, మూత, అచ్చం ఇవే. ఇప్పుడే ఫోన్ చేస్తా. మా అల్లుడు ముజీబ్ చిన్న లారీలో వేసుకుని పదింటికల్లా ఇక్కడుంటాడు."

"తప్పేమో బాబాయ్."

"పెళ్లికి కుర్చీలు అద్దెకి తెచ్చుకుంటే తప్పా? ఇదీ అంతే. ఒక గంట పెళ్లి. అమ్మగారు వస్తారు, ఫొటో దిగుతారు, పోతారు. నీకు ప్లాంటొస్తుంది, నాకు ఈ రోడ్డు మీద నడుం విరగ్గొట్టుకునే పని తప్పుతుంది."

అనురాధ కాసేపు నేల చూసింది. ఊళ్లో ఆడవాళ్లంతా ఆమె మొహమే చూస్తున్నారు. ప్లాంటు గురించి ఇంటింటికీ తిరిగి చెప్పింది తనే. వచ్చే వేసవికి బిందె పట్టుకుని ఎదురుచూడక్కర్లేదని మాటిచ్చింది తనే.

"సరే, చెయ్యి బాబాయ్," అంది.

ఆ మాట అన్నాక ఆమెకి తన మీద తనకే ఒళ్లు మండింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

పదింటికి ముజీబ్ లారీ వచ్చింది. ఒక్కో డ్రమ్ము దింపుతుంటే ఊరంతా తిరునాళ్ల సందడి. ట్యాంకరు గొట్టం పెట్టి నీళ్లు నింపారు. చిక్కల్లా ఒక్కటే. ప్రతి డ్రమ్ము మీదా తెల్ల రంగుతో బారెడు అక్షరాలు: ఖాజా సప్లయర్స్, తెనాలి. కింద ఫోన్ నంబరు.

"రాతలు గోడవైపు తిప్పండి!" అని అరిచింది అనురాధ.

తిప్పారు. చందన ఇంటి దగ్గర డ్రమ్ముకి మాత్రం కొళాయీ అక్షరాలూ ఒకే పక్కనున్నాయి. అక్షరాలు దాస్తే కొళాయి కూడా గోడకి పోతుంది. చందన ఆలోచించి మామగారి లుంగీ తడిపి అక్షరాల మీద ఆరేసింది.

పదమూడు అయ్యాయి. పద్నాలుగోది తెచ్చి ముజీబ్ కోటిలింగం అరుగు ముందు దింపబోయాడు.

"ఆగయ్యా!"

వెంకటసుబ్బులు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"దొంగ డ్రమ్ము నా అరుగు మీద వద్దు."

"అత్తా, నీకు దణ్ణం పెడతా. ఒక్క గంట."

"నా కొడుకు నీళ్లు తాగుతున్న డ్రమ్ముకి నేను సిగ్గుపడాలా? అడిగితే పడవ మీదుందని చెప్తా. అందులో దాచేదేముంది?"

"నీ పంతం కోసం ఊరి ప్లాంటు పోగొడతావా?"

"నీ సంతకం కోసం నా చేత అబద్ధం ఆడిస్తావా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. పెళ్లై ఆరేళ్లలో ఇద్దరూ ఇంతలా ఎదురుబొదురు నిలబడింది లేదు. మధ్యలో డ్రమ్ము కౌగిలించుకుని ముజీబ్ చెమటలు కక్కుతున్నాడు.

"అక్కా," అన్నాడు ఖాజా, "మీరిద్దరూ తేల్చుకునేలోపు మా వాడి నడుం పోతుంది."

ఆ తేలేదేదో తేలకముందే రోడ్డు చివర జీపు కనపడింది. పుష్పలత మేడమ్ పావుగంట ముందే వచ్చేసింది. పద్నాలుగో డ్రమ్ము మళ్లీ లారీ ఎక్కింది.

*

పుష్పలత యాభై దాటిన మనిషి. ఎండకి కమిలిన మొహం, చేతిలో గొడుగు, మెడలో ఫోను. బాపట్ల ఆఫీసు నుంచి తీరం ఊళ్లన్నీ తిరిగేది ఆమె. చెప్పులు చేత పట్టుకుని ఇసకలో చకచకా నడుస్తూ ఇల్లిల్లూ చూసింది. ఫొటో తీస్తే చాలు, అది నేరుగా హైదరాబాదు పెద్దాఫీసుకి వెళ్లిపోతుంది.

"బాగుంది. చాలా బాగుంది. మూతలు కూడా బిగించారు. అనురాధా, మూడు రోజుల శిక్షణతోనే ఇంత శుభ్రం ఎలా తెచ్చావమ్మా?"

అనురాధ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

చందన ఇంటి దగ్గర పుష్పలత గ్లాసుడు నీళ్లు పట్టించుకుని తాగింది. కనుబొమలు పైకి లేచాయి.

"గులాబీ వాసనొస్తోందేంటి?"

"మా ఊరి నీళ్లంతేనండి," అంది చందన, రెప్ప ఆర్పకుండా.

"బోరు ఉప్పన్నారుగా?"

"ఉప్పేనండి. ఉప్పు తరవాత గులాబీ అండి."

పుష్పలత ఇంకేదో అడగబోయి, నవ్వేసి ఫోను పైకెత్తింది. సరిగ్గా అప్పుడే సముద్రం మీంచి ఒక గాలి లేచింది. లుంగీ జెండాలా ఎగిరి పక్కకి తొలగింది. ట్యాంకరు పక్కన నిలబడ్డ ఖాజా గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ఫోను టక్కుమంది. ఎండలో ఫోను తెర కనపడక పుష్పలత ఏమీ గమనించలేదు. చందన ఒక్క అంగలో లుంగీ మళ్లీ సర్దేసింది.

"ఇంకొక్క ఇల్లు. నీదే కదా అనురాధా?"

అరుగు మీద వెంకటసుబ్బులు కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పక్కనే గుండ్రటి మరక.

"డ్రమ్మేదమ్మా?" అంది పుష్పలత.

పొద్దుటి నుంచీ ఇది ఎన్నోసారో ఆ ప్రశ్న.

"నా కొడుకు పడవ మీద ఉందమ్మా," అంది వెంకటసుబ్బులు.

పుష్పలత అనురాధ వైపు తిరిగింది. చందన కంచె వెనక్కి జారుకుంది. ఇక దాచి ప్రయోజనం లేదని అర్థమైంది అనురాధకి. నిజానికి దాచాలన్న ఓపిక కూడా పోయింది.

"పద్నాలుగు పడవల మీద ఉన్నాయండి. మీరు చూసినవాటిలో పదమూడు మావి కావు. తెనాలి నుంచి అద్దెకి తెప్పించాను. తప్పు నాదేనండి, వీళ్లెవరిదీ కాదు."

"నా సర్బత్ డ్రమ్ములమ్మా," ఖాజా తల వంచుకుని ముందుకొచ్చాడు. "ఆ గులాబీ కూడా నాదే."

పుష్పలత గొడుగు మూసింది. మళ్లీ తెరిచింది.

"ఫొటోలు వెళ్లిపోయాయి. అర్థమవుతోందా మీకు? నా పేరు మీద వెళ్లిపోయాయి. నా ఉద్యోగం సంగతి అలా ఉంచు. ఇల్లిల్లూ తిరిగి నీ ఊరి పేరు పైకి పంపాను నేను. ఎందుకు చేశావు అనురాధా?"

అనురాధ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు లేచింది వెంకటసుబ్బులు. పొద్దున్న తిట్టిన మనిషే, కోడలి ముందుకొచ్చి నిలబడింది.

"దాన్నేం అనమాకమ్మా. డ్రమ్ము పంపింది నేను. ఇదివరకు పొద్దున్నే ఎల్లి మాపటికి వచ్చేసేవాళ్లు. ఒక కడవ చాలేది. ఇప్పుడు ఒడ్డు దగ్గర నీళ్లు కాగిపోయి చేప లోతుకి పోయింది. నాలుగు రోజులు తిరిగితే గాని వల తడిపినందుకు ఫలితం దక్కట్లేదు. ఒక్కో పడవకి ఐదుగురు. కడవ ఎక్కడ సరిపోద్ది?"

"మరి ఇన్నాళ్లూ ఏం తాగారు?" అంది పుష్పలత.

వెంకటసుబ్బులు మొగుడి వైపు చూసింది. ఆమె ఎప్పుడూ అడగలేదు.

"ఐసు తాగామమ్మా."

అందరూ తిరిగి చూశారు. కోటిలింగం. చేతిలో వల లేదు.

"నీళ్లు అయిపోతే చేపలకేసిన ఐసు కరిగించుకుని తాగేవాళ్లం. నీచు వాసన, పైన రంపప్పొట్టు. రెండేళ్ల కిందట అది తాగే కదా నేను మంచాన పడింది. పది రోజులు లేవలా."

"జ్వరమన్నావు కదయ్యా," అంది వెంకటసుబ్బులు చాలా మెల్లగా.

"ఏం చెప్పను? చెప్తే పిల్లోణ్ణి పడవెక్కనిస్తావా?"

ఆమె వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మొగుణ్ణి అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది. చేయి పట్టుకోబోయి, నలుగురూ ఉన్నారని గుర్తొచ్చి కొంగు సర్దుకుంది.

పుష్పలత ఫోనులో ఫారం తెరిచి, వేలితో పైకీ కిందకీ జరిపింది.

"ఇంటి దగ్గర డ్రమ్ము ఉందా, లేదా? అవును, కాదు. రెండే ఉన్నాయి ఇందులో. పడవ అన్న మాటే లేదు." నిట్టూర్చింది. "ఇది రాసినవాళ్లు సముద్రం చూశారో లేదో."

"ఇప్పుడేం చేద్దామండి?" అంది అనురాధ.

"నాలుగింటికి రిపోర్టు పంపాలి. మీ మాట మీద రాయలేను. ఇవాళ ఒకసారి నమ్మి చూశానుగా. పడవ మీద డ్రమ్ము నా కళ్లతో చూడాలి. ఎప్పుడొస్తాయి పడవలు?"

"ఇవాళ నాలుగో రోజు," అన్నాడు కోటిలింగం లేస్తూ. "గాలి కూడా ఒడ్డుకే ఉంది. పదండి."

*

ఒంటిగంట దాటింది. ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. వెంకటసుబ్బులు పుష్పలతకి అన్నం, ఎండు రొయ్యల కూర తెచ్చి ఇసకలోనే వడ్డించింది. కోపంగా ఉన్న మనిషి వద్దనాలనుకుంది గాని, కూర వాసన ఆ మాట రానివ్వలేదు. రెండోసారి వడ్డిస్తుంటే విస్తరికి చేయి అడ్డం కూడా పెట్టలేదు.

"అదుగో!" అంది చందన.

దూరంగా ఒక పడవ కనపడింది. కోటిలింగం చేయి కళ్లకి అడ్డం పెట్టుకున్నాడు.

"మనదే. కానీ ఏంటిది, ఇంత మెల్లగా వస్తోంది?"

అనురాధ నీళ్ల అంచుదాకా వెళ్లింది. ఆ నిమిషంలో ప్లాంటూ ఫొటోలూ అన్నీ మర్చిపోయింది.

కాస్త దగ్గరికొచ్చాక తెలిసింది. వీరబ్రహ్మం పడవ వెనక తాడు కట్టి ఇంకో పడవ ఉంది. ముక్కు మీద పచ్చ రంగు. ఈ ఊరిది కాదు. నీలం డ్రమ్ము ఆ రెండో పడవలో ఉంది.

అలలు దాటించి రెండు పడవలనూ లాగారు. వీరబ్రహ్మం దూకి వచ్చాడు.

"అవతల ఊరు, రామాపురం వాళ్లమ్మా. ఇంజను ఆగిపోయిందంట. రెండ్రోజులుగా నీళ్లు లేవు. నలుగురూ పడవలో వెల్లకిలా పడున్నారు. మేం చుట్టుపక్కల లేకపోతే..." మిగతాది మింగేశాడు. "డ్రమ్ము వాళ్లకే ఇచ్చేశాం. ఏంటి, ఇంతమంది వచ్చారు? పెళ్లా?"

ఎవరూ నవ్వలేదు. వెంకటసుబ్బులు నీళ్లలోకి దిగి ఆ డ్రమ్ము మీద చేయి వేసింది. అడుగున జానెడు నీళ్లు ఇంకా ఉన్నాయి.

పుష్పలత ఫోను పైకెత్తి ఒకటి, రెండు, మూడు ఫొటోలు తీసింది. మూడోది తీసేటప్పుడు చెంప తుడుచుకుంది.

అప్పుడే ఖాజా ఫోను మోగింది. జానీ బీ గొంతు స్పీకరు అక్కర్లేకుండానే ఒడ్డంతా వినపడింది.

"ఏమయ్యో! హైదరాబాదు నుంచి ఎవరో సార్ ఫోన్ చేశాడు. డ్రమ్ము మీద నంబరు చూశాడంట. ఈ డ్రమ్ములు మీవేనా అన్నాడు. మావేనండి, ఇవాళ ఇసకదిబ్బకి వెళ్లాయండి, శుక్రవారం దాకా ఖాళీ లేవండి, మీ ఇంట్లో పెళ్లెప్పుడండి అని అడిగా. ఠక్కున పెట్టేశాడు. ఏం మనుషులయ్యా!"

ఖాజా ఇసకలో కూర్చుండిపోయాడు.

ఆయన అలా కూర్చున్నాడో లేదో, పుష్పలత చేతిలో ఫోను మోగింది. తెర మీద పేరు చూసి ఆమె మొహం తెల్లబోయింది.

"నరసింహారావు గారు. ప్లాంటు ఎవరికన్నది ఈయన చేతిలోనే ఉంది."

ఫోను మోగుతూనే ఉంది.

"ఇటివ్వండి మేడమ్," అంది అనురాధ. "నలభైకీ సంతకం పెట్టింది నేను."

ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"నమస్కారం సార్. ఇసకదిబ్బ నుంచి అనురాధనండి. మీరు ఫొటోలో చూసిన డ్రమ్ము మాది కాదండి. ఇంకో పన్నెండూ కాదండి. పుష్పలత మేడమ్‌కి తెలియదు, మోసం చేసింది నేను. మా డ్రమ్ములు ఇంటి దగ్గర లేవండి. సముద్రం మీద ఉన్నాయి."

అత్తగారు వచ్చి కోడలి భుజం మీద చేయి వేసింది.

చివరికి అవతల గొంతు పలికింది. కోపంగానే పలికింది.

"ఇళ్లకిచ్చిన డ్రమ్ములమ్మా అవి. ఆ నీళ్లు తాగింది ఎవరు?"

అనురాధ తల తిప్పింది. రామాపురం పడవ అంచు మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. పెదాలు పగిలి నెత్తురు ఎండింది. ఖాజా ఇచ్చిన గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇందాక అడిగితే పేరు ఆశీర్వాదమని చెప్పాడు.

మోకాలి లోతు నీళ్లలోకి నడిచి వెళ్లి అనురాధ అతని చెవి దగ్గర ఫోను పెట్టింది.

"ఆ నీళ్లు ఎవరు తాగారని అడుగుతున్నారన్నా," అంది. "నువ్వే చెప్పు."